పెళుసు ఎముకల బిడ్డ ఉన్న ఇంటికి పూర్తి మార్గదర్శి: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఏం మార్చాలి

డైపర్ మారుస్తుంటే కాలు విరిగిందంటే బయటివాళ్ళు నమ్మరు. ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా ఉన్న పిల్లల ఇళ్ళలో మాత్రం అది తెలిసిన సంగతే. డాక్టర్లు దీన్ని పొట్టిగా ఓఐ అంటారు, నేనూ అలాగే రాస్తాను. సుమారు 15,000 నుంచి 20,000 కాన్పుల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. మన హైదరాబాద్ జనాభాకి లెక్కేసుకుంటే కొన్ని వందల కుటుంబాలైనా ఉండాలి, కానీ ఒకరికొకరు కనబడరు, ఎందుకంటే ఈ పిల్లల్ని చాలామంది గడప దాటనివ్వరు.

నేను ఓఐ ఉన్న బాబు తల్లిని, డాక్టర్‌ని కాదు. మందు మోతాదులు, ఆపరేషన్ నిర్ణయాలు మీ డాక్టరుగారికే వదిలేయండి. నేను రాసేది ఇంట్లో, ఆసుపత్రి కౌంటర్ దగ్గర, స్కూల్లో మనం చేసుకోవాల్సిన పని గురించి. ముందే ఒక మాట చెప్పేస్తాను: ఎముక విరగకుండా చూడటమే పనిగా పెట్టుకుంటే బిడ్డ మంచానికి అంటుకుపోతుంది, కదలిక లేని ఎముక ఇంకా పలచబడుతుంది, అప్పుడు ఇంకా తేలిగ్గా విరుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుందని ఒప్పుకుని, ఆ రోజుకి ఇల్లంతా సిద్ధంగా ఉండి, మిగతా రోజులన్నీ బిడ్డను ఆడుకోనివ్వాలి. కింద రాసినదంతా ఈ లెక్క ప్రకారమే.

1. ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి

ఎముక అంటే కాల్షియం ఒక్కటే కాదు. స్లాబ్ వేసేటప్పుడు లోపల ఇనుప చువ్వలు, చుట్టూ సిమెంటు ఉంటాయి చూడండి, ఎముకలో ఆ చువ్వల పని చేసేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఓఐ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి సీఓఎల్1ఏ1, సీఓఎల్1ఏ2 అనే రెండు జన్యువుల్లో ఏదో ఒకదాంట్లో తేడా ఉంటుంది, దానివల్ల ఆ కొల్లాజెన్ తక్కువగానో వంకరగానో తయారవుతుంది. అందుకే ఎంత కాల్షియం పోసినా జబ్బు పోదు.

చిన్న దెబ్బకే మళ్ళీ మళ్ళీ విరగడం, కంటి తెల్లగుడ్డు నీలంగా బూడిదరంగుగా కనబడటం, పళ్ళు గోధుమరంగులో ఉండి పెచ్చులూడటం, కీళ్ళు వదులుగా ఉండటం, ఎత్తు తక్కువ, ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులోనే చెవుడు, ఇవి గుర్తులు. అన్నీ అందరికీ ఉండవు, కళ్ళు తెల్లగానే ఉన్నాయి కాబట్టి ఓఐ కాదని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. 1979లో డేవిడ్ సిలెన్స్ అనే డాక్టరు దీన్ని నాలుగు రకాలుగా విడదీశారు, ఇప్పటికీ ఆసుపత్రి కాగితాల మీద టైప్ 1, టైప్ 3, టైప్ 4 అని రాసేది ఆ లెక్కతోనే. టైప్ 1 తేలిక, టైప్ 3 బాగా తీవ్రం, టైప్ 4 మధ్యస్థం. టైప్ 2 అయితే బిడ్డ బతకడమే కష్టం. తర్వాత జన్యువుల సంగతి తెలిసేకొద్దీ ఇంకా చాలా రకాలు చేరాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఇక్కడొక అదృష్టం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో జన్యు పరీక్షల్లో పేరున్న సీడీఎఫ్‌డీ ఉంది, ఈ రెండూ కలిసి అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. చంటిబిడ్డ అయితే చాలామంది మొదట వెళ్ళేది నీలోఫర్ పిల్లల ఆసుపత్రికే, అక్కడి నుంచి నిమ్స్ జెనెటిక్స్‌కి రెఫరల్ రాయించుకోండి. మీకు కావాల్సింది ఒక్క డాక్టరు కాదు: జెనెటిక్స్ లేదా పిల్లల హార్మోన్ల డాక్టరు, పిల్లల ఎముకల సర్జన్, ఫిజియోథెరపిస్టు, ఈ ముగ్గురూ ఒకరి మాట ఒకరికి తెలిసేలా ఉండాలి. తెలియజేసే పని ఎలాగూ మనమీదే పడుతుంది. జన్యు పరీక్ష రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, అది వచ్చేదాకా వైద్యం ఆపాల్సిన అవసరం లేదు, గుర్తులూ ఎక్స్‌రేలూ చూసి మొదలుపెడతారు.

పేరు ఖాయమయ్యాక అదే రోజు డాక్టరుగారి లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకోండి: బిడ్డకు ఓఐ ఉంది, చిన్న ఒత్తిడికే ఎముక విరగొచ్చు, పాత ఫ్రాక్చర్లు ఉన్నాయి అని. ఇది చాలా ముఖ్యం. పసిబిడ్డ ఎక్స్‌రేలో పాతవీ కొత్తవీ కలిపి నాలుగైదు విరుగుళ్ళు కనబడితే, తెలియని డాక్టరుకి మొదట వచ్చే అనుమానం ఇంట్లోవాళ్ళే కొట్టారని. ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో నన్నూ మా అత్తగారినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. వాళ్ళ డ్యూటీ వాళ్ళది, కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ లెటర్ ఉంటే అరగంటలో తేలిపోతుంది.

2. ఎత్తుకోవడం, స్నానం, బట్టలు

అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ళంతా నేర్చుకోవాల్సింది ఇది.

మన ఇళ్ళలో చంటిబిడ్డ స్నానం ఒక పెద్ద తతంగం. నీళ్ళు పోసే ఆవిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, కాళ్ళూ చేతులూ సాగదీసి, కుడిచేతినీ ఎడమకాలినీ కలిపి, నడుం మీద అరచేత్తో రుద్ది, కొందరైతే చివర్లో కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపుతారు కూడా. ఓఐ బిడ్డకు ఇవన్నీ బంద్. ఆవిడకు ఎంత అనుభవం ఉన్నా, మీ అమ్మగారిని పెంచిన చేతులే అయినా సరే. నూనె రాయాలనిపిస్తే ఒత్తకుండా పైపైన పూయండి చాలు, సున్నిపిండి రుద్దుడు వద్దు. వెడల్పాటి టబ్బు అడుగున మెత్తటి తువ్వాలు మడతపెట్టి పరిచి, గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా పోసి, ఒక చెయ్యి తల, మెడ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి బిడ్డను దాంట్లోకి దించండి. తువ్వాలు, బట్టలు, డైపర్ అన్నీ ముందే చేతికి అందేలా పెట్టుకోండి, బిడ్డ చేతుల్లో ఉండగా వెనక్కి తిరిగి వెతుక్కునే పని ఉండకూడదు.

ఎత్తుకునే పద్ధతి: వేళ్ళు బాగా విప్పి అరచెయ్యంతా వాడాలి, బరువు ఒక్కచోట పడకూడదు. తల, భుజాల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి. చంకల్లో చేతులు పెట్టి పైకి లేపడం ఎప్పుడూ వద్దు, అలా చేస్తే పక్కటెముకల మీద ఒత్తిడి పడుతుంది. చెయ్యి పట్టుకుని లాగొద్దు. డైపర్ మార్చేటప్పుడు రెండు మడమలూ కలిపి పట్టుకుని పైకి లేపడం మనందరికీ అలవాటు. దాన్ని మానేసి, పిరుదుల కింద అరచెయ్యి పెట్టి కొంచెం లేపి బట్ట జరపండి. పాలు తాగాక త్రేన్పు కోసం వీపు మీద తట్టకుండా మెల్లగా నిమరండి. మరీ చిన్న బిడ్డ, బాగా తీవ్రమైన రకం అయితే మెత్తటి దిండు మీద పడుకోబెట్టి దిండుతో సహా ఎత్తడం అందరికీ తేలిక.

బట్టలు ముందువైపు విప్పుకునేవి, ముడులున్న కాటన్ జుబ్బాలు, వదులు చేతులు. తొడిగేటప్పుడు బిడ్డ చెయ్యిని చొక్కా చేతిలోకి తొయ్యకండి, మీ వేళ్ళను బయట అంచు నుంచి లోపలికి పోనిచ్చి బిడ్డ చెయ్యిని మెల్లగా పట్టుకుని బట్టనే దాని మీదుగా జరపండి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, నొప్పి ఉన్నది తర్వాత. ఈ పిల్లలకు చెమట ఎక్కువ, వేడి తట్టుకోలేరు. మన ఏప్రిల్, మే ఎండల్లో నైలాన్, పాలిస్టర్ ఊసే ఎత్తొద్దు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెడితే తల వెనక చదునైపోతుంది, మెలకువగా ఉన్నప్పుడు పక్కలు మారుస్తూ ఉండండి.

ఇక చుట్టాలు. బారసాలకు వచ్చినవాళ్ళందరూ "ఇటివ్వమ్మా ఒక్కసారి" అంటారు. వద్దంటే మొహం మాడ్చుకుంటారు, ఇస్తే మనకు టెన్షన్. నేను కనిపెట్టిన దారి ఏంటంటే, వాళ్ళను సోఫాలో కూర్చోబెట్టి ఒళ్ళో దిండు పెట్టి దాని మీద బిడ్డను నేనే పడుకోబెట్టడం. ఎవరూ నొచ్చుకోరు, ఫోటోలూ బాగా వస్తాయి. పనమ్మాయికీ అమ్మమ్మకూ తాతయ్యకూ నోటితో చెప్పి వదిలేయకండి, వాళ్ళ చేత మీ ఎదురుగా చేయించండి. ఎత్తుకునే పద్ధతి ఫోటో తీసి బీరువాకి అంటించండి. టీకా వేయించేటప్పుడు నర్సుకు ముందే చెప్పి, తొడ బిగించి పట్టుకోకుండా మీ అరచెయ్యి ఆనించి ఉంచండి. బీపీ పట్టీ బిగించడం వల్ల కూడా చెయ్యి విరిగిన సందర్భాలు ఉంటాయి, ఆ మాట కూడా చెప్పండి. టీకాలు మాత్రం ఒక్కటి కూడా మానొద్దు. తీవ్రమైన ఓఐలో ఛాతీ చిన్నదిగా ఉంటుంది, వాళ్ళకు ఫ్రాక్చర్ కంటే నిమోనియాతోనే ఎక్కువ ముప్పు.

కాస్త పెద్దయి నేలమీద తిరిగే వయసు వచ్చాక ఇల్లు ఒకసారి చూసుకోండి. మన అపార్ట్‌మెంట్ల గ్రానైటు, మార్బుల్ నేల తడిస్తే జర్రున జారుతుంది, వానాకాలంలో బాల్కనీ గుమ్మం దగ్గర మరీను. బాత్రూంలో రబ్బరు మ్యాట్, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, కూర్చుని స్నానం చేయడానికి స్టూలు. వదులుగా జరిగే పట్టాలు తీసేయండి. మంచం ఎత్తు తగ్గించండి. అంతే, ఇల్లంతా పరుపులు పరచాల్సిన పని లేదు. బయటికెళ్ళేటప్పుడు బైక్ ముందు కూర్చోబెట్టుకోవడం వద్దు. ఆటో అయితే స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పొమ్మని ఎక్కేటప్పుడే చెప్పండి, మధ్యలో అరిస్తే వినబడదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, కుదుపు తక్కువ, కాబట్టి దారి కుదిరితే అదే మేలు.

3. ఎముక విరిగిన రోజు

పసిబిడ్డ చెప్పలేదు. ఒక చోట తాకితే గుక్కపట్టి ఏడవడం, ఒక కాలో చెయ్యో కదపకపోవడం, వాపు, అక్కడ వెచ్చగా ఉండటం చూసి మనమే పోల్చుకోవాలి. నిజంగా విరిగిందా అని నొక్కి చూడకండి, కదిపి చూడకండి.

ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి: వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు, అట్టముక్కలు, దూది, మెత్తటి తువ్వాళ్ళు, పారాసిటమాల్, బరువును బట్టి దాని మోతాదు రాసిన కాగితం, ఆ డాక్టరు లెటర్ కాపీ. విరిగిన చోట ఎలా ఉందో అలాగే ఉంచి, తిన్నగా చేయడానికి ప్రయత్నించకుండా, కింద తువ్వాలు చుట్టిన అట్ట పెట్టి, విరిగిన చోటికి పైన ఒక కీలూ కింద ఒక కీలూ కలిసొచ్చేలా వదులుగా కట్టు చుట్టండి. చెయ్యి అయితే గుడ్డతో మెడకు వేలాడదీయండి. కట్టాక వేళ్ళు చూడండి. నీలంగానో చల్లగానో ఉంటే కట్టు బిగుసుకుందని అర్థం, వెంటనే వదులు చేయండి. నొప్పి మందు ఇచ్చి అప్పుడు కదలండి, ముందు కాదు. తీసుకెళ్ళడం కష్టంగా ఉంటే 108.

తలకు దెబ్బ తగిలినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు పోయినా, తొడ బాగా ఉబ్బిపోయినా, ఎముక చర్మం చీల్చుకుని వచ్చినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగకూడదు. అనుభవం వచ్చాక కొన్ని కుటుంబాలు చిన్న విరుగుళ్ళను డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఇంట్లోనే కట్టు కట్టి మర్నాడు చూపిస్తారు. ఆ స్థాయికి వచ్చేదాకా ప్రతిసారీ ఆసుపత్రికే.

క్యాజువాల్టీలో అడుగు పెట్టగానే మొదట చెప్పాల్సిన మాట "బాబుకి ఓఐ ఉంది, దయచేసి నేనే పట్టుకుంటాను". ఎక్స్‌రే గదిలో సరిగ్గా పడాలని కాలు తిప్పబోతారు, అక్కడా ఇదే మాట. ఓఐ ఎముక మామూలు ఎముకలాగే అతుకుతుంది, దాదాపు అంతే కాలంలో, కాకపోతే అతికిన ఎముక కూడా అదే పెళుసు రకం. అందుకే కట్టు తేలికగా ఉండాలి, అవసరమైనన్ని రోజులే ఉంచాలి. నెలల తరబడి పిండికట్టులో ఉంచితే తీసిన వారంలోనే పక్కన విరగడం చూస్తాం. "ఎప్పుడు తీస్తారు, తీశాక ఫిజియో ఎప్పుడు" అని కట్టు వేసిన రోజే అడగండి.

పుత్తూరు కట్టు గురించి అందరూ అడుగుతారు, పెద్దలు మరీ పట్టుబడతారు. మామూలు ఎముకకు అది పనిచేసిందని ఊరంతా చెప్పినా మన పిల్లలకు వద్దనే అంటాను. చేత్తో నొక్కి, లాగి, బద్దలు పెట్టి బిగించి కడతారు, ఎక్స్‌రే చూసి పక్కన ఇంకోటి విరిగిందా అని చూసుకునే వీలు చాలాసార్లు ఉండదు. వంకరగా అతికిన ఎముక మళ్ళీ అదే వంపు దగ్గర విరుగుతుంది, చివరికి ఆపరేషన్ చేసి సరిచేయాల్సి వస్తుంది. తాతగారితో వాదన పెట్టుకునే బదులు ఆయన్ని ఒకసారి ఎముకల డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి, డాక్టరు నోటి నుంచి వింటే ఒప్పుకుంటారు.

4. మందు ఎక్కించడం, తిండి

మూలాన్ని సరిచేసే మందు ఇంకా లేదు. ఎముక కరిగిపోవడాన్ని తగ్గించే బిస్‌ఫాస్ఫోనేట్లు వాడతారు, 1998లో మాంట్రియల్‌లో ఫ్రాన్సిస్ గ్లోరియూ బృందం పామిడ్రోనేట్‌తో పిల్లల మీద ఫలితాలు ప్రచురించాక ఇది ప్రపంచమంతా పాకింది. పామిడ్రోనేట్ అయితే సాధారణంగా వరసగా మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించి కొన్ని నెలలకోసారి మళ్ళీ ఇస్తారు, జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే ఒక్కరోజులో అయిపోతుంది, చాలామందికి ఆరు నెలలకోసారి. వెన్నుపూసలు మెరుగవుతాయి, ఎముక సాంద్రత పెరుగుతుంది, నొప్పి తగ్గిందని చాలామంది పిల్లలు చెబుతారు. ఇక విరగనే విరగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఎక్కించే ముందు కాల్షియం, విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు చేశారో లేదో అడగండి, డి తక్కువుంటే ముందు అది సరిచేయాలి. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజుల్లో చాలామందికి జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి, పారాసిటమాల్‌తో తగ్గిపోతాయి, తర్వాతి డోసుల్లో సాధారణంగా రావు. వేళ్ళు కొంకర్లు పోయినా, మూతి చుట్టూ తిమ్మిరెక్కినా, ఫిట్స్ లాంటిది వచ్చినా కాల్షియం పడిపోయిందేమో, వెంటనే ఆసుపత్రి. తర్వాత తీసే ఎక్స్‌రేల్లో ఎముక చివర అడ్డంగా తెల్లటి గీతలు కనబడితే కంగారు పడకండి, అవి ఒక్కో డోసు వదిలిన గుర్తులు. పళ్ళ పని ఏదైనా ఉంటే మందు మొదలుపెట్టేముందే చేయించడం మంచిది.

తిండి విషయంలో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. పాతబస్తీ నుంచి పాయా తెప్పించి పోయమంటారు ఒకరు, నల్లేరు పచ్చడి పెట్టమంటారు ఇంకొకరు. పాయాలోని కొల్లాజెన్ కడుపులో అరిగి మామూలు ప్రోటీన్‌గా మారిపోతుంది, బిడ్డ ఒంట్లో కొల్లాజెన్ తయారయ్యే తీరును అది మార్చలేదు. ఇష్టమైతే తాగనివ్వండి, మందని మాత్రం అనుకోవద్దు. పాలు, పెరుగు, రాగిజావ, గుడ్డు, పప్పు, ఆకుకూరలు, వయసుకి తగినంత కాల్షియం, డాక్టరు చెప్పినంత విటమిన్ డి చాలు, ఎక్కువ వేస్తే కిడ్నీలకు భారం. బరువు పెరగకుండా చూసుకోండి, కూర్చునే ఉండే పిల్లలకు జాలితో చిప్స్, చాక్లెట్లు పెట్టేది ఇంట్లోవాళ్ళే. మలబద్ధకం కూడా ఎక్కువ, నీళ్ళు, పళ్ళు మరిచిపోవద్దు.

5. కదలనివ్వడం

ఫిజియోథెరపీ అంటే నొప్పి పుట్టేలా వంచడం కాదు, బిడ్డ తనంతట తాను కదిలేలా చేయడం. బొమ్మను కాస్త దూరంగా పెట్టి అందుకోనివ్వడం, పక్కకు దొర్లడం, ఆనుకుని కూర్చోవడం, తర్వాత నిలబడటం. "మేం వంచుతాం, మీరు చూస్తూ ఉండండి" అనే చోట నుంచి వచ్చేయండి. నీళ్ళు ఈ పిల్లలకు గొప్ప వరం, ఒళ్ళు తేలిపోతుంది, భయం లేకుండా కాళ్ళు ఆడిస్తారు. చిన్నప్పుడు ఇంట్లో గాలితో నింపే టబ్బు చాలు, పెద్దయ్యాక జనం తక్కువుండే వేళ చూసి స్విమ్మింగ్ పూల్.

కాళ్ళు వంగిపోయినా ఒకేచోట పదేపదే విరుగుతున్నా సర్జన్ లోపల రాడ్డు వేద్దామంటారు. ఎముకను కొన్నిచోట్ల కోసి, తిన్నగా చేసి, రాడ్డు మీద పూసల్లా ఎక్కిస్తారు. ఫాసియర్ దువాల్ లాంటి సాగే రాడ్లు బిడ్డ ఎదుగుతుంటే కొంతవరకు తామూ సాగుతాయి, మామూలు రాడ్లయితే ఎదిగినప్పుడు మార్చాలి. ఓఐ పిల్లలకు ఎన్ని రాడ్డింగ్‌లు చేశారని సర్జన్‌ని నేరుగా అడగండి, మంచి డాక్టర్ ఏమీ అనుకోరు. మత్తు డాక్టరుకు విడిగా మూడు సంగతులు చెప్పండి: మెడ జాగ్రత్త, పళ్ళు పెళుసు, మత్తులో ఒంటి వేడి పెరగొచ్చు.

వీల్‌చైర్ అనగానే చాలా ఇళ్ళలో ఏడుపు మొదలవుతుంది. నేను మరోలా చూస్తాను. ఎత్తుకుని తిప్పే బిడ్డ మనం తీసుకెళ్ళిన చోటికే వెళ్తాడు, వీల్‌చైర్‌లో ఉన్న బిడ్డ తనకు కావాల్సిన చోటికి వెళ్తాడు. ఇంట్లో నడుస్తూ దూరాలకు వీల్‌చైర్ వాడే పిల్లలు బోలెడు మంది. కొలతలు తీయించి తీసుకోండి, పెద్దది కొని దిండ్లు పెడితే వెన్ను వంగుతుంది.

చెవులకు, బిడ్డను స్కూల్లో వేసేముందు ఒకసారి, తర్వాత రెండు మూడేళ్ళకోసారి పరీక్ష చేయించండి, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పళ్ళకు ఆరు నెలలకోసారి, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ. తరచూ తలనొప్పి, మింగడం కష్టం, చేతుల్లో బలహీనత ఉంటే మెడ పైభాగం స్కాన్ గురించి అడగండి.

6. కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం, కానీ డబ్బు ఇక్కడే ఉంది. ఒక లావుపాటి ఫైలు పెట్టండి, ముందు పేజీలో బిడ్డ పేరు, బ్లడ్ గ్రూప్, జబ్బు రకం, మందులు, డోసుల తేదీలు, విరిగిన ఎముకల పట్టిక. ప్రతి ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి ఫోన్లో ఫోటో తీసి ఒకే ఫోల్డర్లో వేయండి, ఫిల్ములు ఎప్పుడో ఒకసారి పోతాయి.

వికలాంగ ధ్రువపత్రం: జనం ఇప్పటికీ సదరం అనే అంటారు, దేశమంతా చెల్లేది యూడీఐడీ కార్డు. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు, చేతకాకపోతే మీసేవలో అడగండి. బిడ్డ బాగున్న రోజున వెళ్తే చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, శాతం తక్కువ వేస్తారు. కాబట్టి ఎక్స్‌రేలన్నీ, ఆపరేషన్ కాగితాలు, ఫిజియో రిపోర్టు పట్టుకెళ్ళి ఎంత దూరం నడవగలడో, ఏం చేయలేడో నోటితో చెప్పండి. 40 శాతమో, ఆ పైనో ఉంటేనే ఎక్కువ సదుపాయాలు. పిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే గడువు తేదీ ఫోన్లో పెట్టుకోండి. తెలంగాణ వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది, ఆదాయ పరిమితి ఉంటుంది. ఆర్టీసీ, రైల్వే రాయితీల గురించి కూడా అడగండి. ఆదాయపన్ను కట్టేవాళ్ళు పాత విధానంలో ఉంటే సెక్షన్ 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతమో, ఆ పైనో ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మీకు కావాల్సిన ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో అడ్మిషన్‌కి ముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. చాలామందికి తెలియనిది 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం. అందులో ఓఐకి బిస్‌ఫాస్ఫోనేట్ వైద్యం పేరుతో సహా ఉంది, గుర్తించిన కేంద్రంలో వైద్యం తీసుకుంటే ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం చేసే వీలుంది. మనకు ఆ కేంద్రం నిమ్స్, సీడీఎఫ్‌డీ. అందుకే మందు ఎక్కడ ఎక్కించుకున్నా ఒకసారి నిమ్స్ జెనెటిక్స్‌లో పేరు నమోదు చేయించమని చెబుతాను.

7. స్కూలు

తెలివితేటలకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు, స్కూలు మానిపించడానికి కారణం ఎక్కడా కనబడదు. 2016 సివిల్స్‌లో 420వ ర్యాంకు తెచ్చుకున్న ఉమ్ముల్ ఖేర్‌కు ఉన్నది పెళుసు ఎముకల సమస్యే. ఆమె వీడియో చుట్టాలు మీకు పదిసార్లు పంపి ఉంటారు, పంపినవాళ్ళలో ఒక్కరూ మీ బిడ్డ స్కూలుకి ర్యాంపు ఉందా అని అడిగి ఉండరు.

మీరు అడగండి. తరగతి గది కింది అంతస్తులో పెట్టించండి, చట్టం మీ వైపే ఉంది: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతమో, ఆ పైనో వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. ప్రైవేటు స్కూళ్ళలో "మాకు రిస్క్ అండి" అంటారు. అప్పుడు వాదించకుండా ఒక పేజీ రాసి ఇవ్వండి: పడితే ఎవరూ లేపొద్దు, ముందు నాకు ఫోన్ చేయండి, కట్టు సంచి టీచర్ బల్ల దగ్గర ఉంది, విరిగితే తప్పు టీచర్‌ది కాదని నాకు తెలుసు. వాళ్ళ భయమంతా ఆ చివరి వాక్యం గురించే. బెల్లు కొట్టడానికి అయిదు నిమిషాలు ముందు గది వదలనివ్వడం, పుస్తకాల రెండో సెట్టు స్కూల్లోనే ఉంచడం, ఒక స్నేహితుణ్ణి తోడు పెట్టడం, ఇవి రూపాయి ఖర్చు లేనివి. కట్టుతో ఇంట్లో ఉన్న వారాల్లో పాఠాలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. ప్రభుత్వ బడి అయితే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం గురించి అడగండి. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడిగే హక్కుంది, దరఖాస్తు నెలల ముందే పెట్టాలి.

8. ఇంకో బిడ్డ, ఇంట్లో మాటలు

గ్రహణం రోజు బయటికి వెళ్ళిందనీ, కడుపుతో ఉండగా సరిగా తినలేదనీ తల్లినే అంటారు. రెండూ అబద్ధమే. తల్లిదండ్రుల్లో ఒకరికి మామూలు రకం ఓఐ ఉంటే ప్రతి కాన్పులో సగం అవకాశం. ఇద్దరికీ లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చి ఉంటే మళ్ళీ వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ సున్నా కాదు. మేనరికాల్లో కాస్త ఎక్కువగా కనబడే రకాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకుండా ఆ జన్యువు తేడా మోస్తుంటే, ప్రతి కాన్పులో 25 శాతం. ఓఐలో ఎక్కువ భాగం ఆ రకం కాదు, కాబట్టి రిపోర్టు రాకముందే "మేనరికం చేసుకోబట్టే" అని ఎవరూ తీర్పు చెప్పక్కర్లేదు. మొదటి బిడ్డ జన్యు రిపోర్టు చేతిలో ఉంటే తర్వాతి కడుపులో 11 వారాలు దాటాక మావి ముక్కతోనో, 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీటితోనో పరీక్ష చేయొచ్చు. గర్భం వచ్చాక పరుగులు పెట్టకుండా ముందే జెనెటిక్స్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి.

పనులు రాసుకుని పంచుకోండి. రాత్రి కట్టు కాపలా ఒకరిది, ఆసుపత్రి లైను ఇంకొకరిది, ఫైలు ఒకరిది. మన ఇళ్ళలో అన్నీ తల్లి నెత్తినే పడతాయి, నాన్నకు ఎత్తుకోవడం రాదనే వంకతో. వస్తుంది, రెండు రోజులు నేర్పితే. అక్కో తమ్ముడో ఉంటే వాళ్ళతో "నీవల్లే విరిగింది" అనే మాట ఎప్పుడూ అనొద్దు, వాళ్ళకంటూ వారానికి ఒక సాయంత్రం ఉంచండి, ట్యాంక్‌బండ్ దాకా అయినా సరే. తల్లికి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో కుటుంబాన్ని పట్టుకోవడానికి తేలిక మార్గం మందు ఎక్కించే రోజే. పక్క మంచం వాళ్ళ నంబరు అడగండి, వీలైతే తర్వాతి డోసు ఇద్దరూ ఒకే రోజు పెట్టించుకోండి, పిల్లలు ఆ గంటలు ఆడుకుంటారు, మనం వీల్‌చైర్ ఎక్కడ చవకో, ఏ ఫిజియో మంచివాడో మాట్లాడుకోవచ్చు. ఏటా మే 6న ప్రపంచమంతా పసుపు బట్టలు వేసుకుని ఓఐ గురించి నలుగురికీ తెలియజేసే విష్‌బోన్ డే జరుపుతారు, ఒక పార్కులో నలుగురు కలిసినా చాలు. పదేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం వాళ్ళ జబ్బు పేరు, మందు పేరు, తమను ఎలా ఎత్తాలో చెప్పడం నేర్పేయండి, స్కూల్లో పడ్డప్పుడు మొదట అక్కడుండేది వాళ్ళే, మనం కాదు.